చలి వణికిస్తోంది... చీర మానేద్దామా?

కార్తీకమాసం. తెల్లవారి ఆరున్నర. నెల్లూరులోనో, బాపట్లలోనో, తిరుపతిలోనో ఓ బస్టాపు. ముసురు పట్టి మూడు రోజులైంది. గొడుగు కింద ఓ టీచరమ్మ నిలబడి ఉంది. ఒక చేత్తో గొడుగు, మరో చేత్తో కుచ్చిళ్లు. భుజానికి బ్యాగు. పాదాల దగ్గర చీర అంచు జానెడు మేర తడిసి కాళ్లకు చుట్టుకుంటోంది. పైన చూస్తే ఇంట్లో మగవాళ్ల జర్కిన్. భుజాలు జారి, చేతులు వేళ్లదాకా వచ్చి, పొద్దున్నే ఇస్త్రీ చేసి కట్టుకున్న మంగళగిరి చీర సగం ఆ జర్కిన్ లోపలే దాక్కుంది. బడికి వెళ్లగానే గేటు దగ్గరే దాన్ని విప్పేస్తుంది. 'అలా కనిపిస్తే బాగుండదు కదండీ' అంటుంది. ఇక అక్కడి నుంచి సాయంత్రం దాకా తడి అంచుతో, పొట్టి చేతుల జాకెట్టుతో, కిటికీ రెక్కలు సరిగా పడని తరగతి గదిలో పాఠాలు.

ఈ దృశ్యం మనలో చాలామందికి కొత్త కాదు. చలికాలం రాగానే మన ముందు రెండే దారులున్నట్టు ఉంటుంది. నచ్చినట్టు తయారై వణకడం, లేదంటే వెచ్చగా ఉండి మూటలా కనిపించడం. మూడో దారి లేదా? ఉంటే ఎందుకు కనిపించడం లేదు? 'ఆడవాళ్ల అలంకారం గోలేగా' అని కొట్టిపారేయకండి. దీని వెనుక వాతావరణం ఉంది, మార్కెట్టు ఉంది, ప్రభుత్వం వేసే పన్ను ఉంది, ఆఫీసు కట్టుబాట్లున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మనకున్నవి రెండు చలులు

చలి అనగానే మనకు గుర్తొచ్చేది లంబసింగి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి ఆంధ్రా కశ్మీరమని పేరు. తెలంగాణలో అయితే ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ కనిష్ఠ ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గానీ అంతకంటే కిందికి గానీ దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలకు పైగా తగ్గితే వాతావరణ శాఖ దాన్ని శీతల గాలులు అంటుంది. ఇది పొడి చలి. తెల్లవారుజామున పొగమంచు, పగలు ఎండ. స్వెట్టరు, శాలువా ఉంటే గడిచిపోతుంది.

కోస్తాదీ, రాయలసీమదీ వేరే కథ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండాలు, తుపాన్లు. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ ఊపేసింది. 2021 నవంబరులో కడప, తిరుపతి ప్రాంతాలు వరదలో మునిగాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపాన తీరం తాకింది. తుపాను వచ్చినా రాకపోయినా ఈ మూడు నెలల్లో ముసురు తప్పదు. అప్పుడు థర్మామీటరు ఇరవై డిగ్రీలు చూపిస్తుంది. 'ఇరవైకే చలా?' అని ఉత్తరాదివాళ్లు నవ్వచ్చు. కానీ తడిసిన బట్టతో, ఈదురుగాలిలో, స్కూటీ మీద పది కిలోమీటర్లు వెళ్లి చూడమనండి!

ఎందుకంటే నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. మనల్ని వెచ్చగా ఉంచేది నిజానికి బట్ట కాదు, బట్ట పోగుల మధ్య చిక్కుకున్న గాలి. ఆ గాలి స్థానంలోకి నీళ్లు చేరాయో, ఎంత మందపాటి బట్ట అయినా పనికిరాదు. మన నూలు చీర సంగతి సరిగ్గా ఇదే. వేసవిలో చెమట పీల్చుకుని చల్లగా ఉంచే ఆ గుణమే ముసురులో మనకు ఎదురు తిరుగుతుంది. నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఓ పట్టాన ఆరదు, పెట్టిన గంజి జిగురవుతుంది.

ఉన్ని ఇందుకు భిన్నం. తన బరువులో 30 శాతం దాకా తేమను పోగుల్లోకి పీల్చుకున్నా పైకి తడిగా అనిపించదు. పాలియెస్టరు, జార్జెట్ అసలు నీళ్లు పీల్చవు. దులిపితే సగం ఆరిపోతాయి. అంటే ఏ బట్ట మంచిది, ఏది చెడ్డది అని కాదు. ఏ చలికి ఏ బట్ట అన్నదే లెక్క. పొడి చలికి నూలు చీర మీద ఉన్ని శాలువా చక్కగా సరిపోతుంది. తడి చలికి తొందరగా ఆరే చీర, లోపల వెచ్చటి పొర, పైన నీళ్లు దిగని పొర కావాలి.

ఎవరి కోసం కుట్టిన స్వెట్టర్లు?

మరి ఆ పొరలు బజారులో దొరుకుతున్నాయా? నవంబరు వచ్చిందంటే మన ఊళ్లలో టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. 1959 తర్వాత మన దేశానికి శరణార్థులుగా వచ్చి, కర్ణాటకలోని బైలకుప్పె, ముండగోడు లాంటి చోట్ల స్థిరపడిన కుటుంబాలవారు ఎందరో ఏటా చలికాలంలో ఇలా ఊళ్లు తిరిగి అమ్ముతారు. సరుకులో చాలా భాగం పంజాబులోని లూధియానాది. తరతరాలుగా మనకు వెచ్చదనం పంచుతున్నవాళ్లు వాళ్లే. వాళ్లను తప్పుపట్టాల్సింది ఏమీ లేదు.

చిక్కల్లా ఆ స్వెట్టరు డిజైన్‌లోనే ఉంది. అది పంజాబు చలికి, సల్వారు మీదికో ప్యాంటు మీదికో అల్లింది. చీర మీద వేసుకుంటే పైట నలిగి లోపలికి పోతుంది. బొత్తాలు పెట్టుకుంటే నడుము దగ్గర ఉబ్బుతుంది. మెడ పైదాకా మూసుకుపోతుంది. రంగులు చూస్తే మెరూన్, బూడిద, ముదురు నీలం. మనం కట్టే చిలకాకుపచ్చకీ, పసుపుకీ, కనకాంబరం రంగుకీ ఏదీ కలవదు. అందుకే కొన్న స్వెట్టరు ఇంట్లో తెల్లవారుజామున పాలు కాచుకునేటప్పుడు వేసుకునేదిగా మిగిలిపోతుంది తప్ప, గడప దాటదు.

పన్ను సంగతి కూడా తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. అంతకుముందు వెయ్యి రూపాయల దాకా రెడీమేడ్ దుస్తులకు 5 శాతం, ఆపైన 12 శాతం ఉండేది. ఇప్పుడు 2500 రూపాయల దాకా 5 శాతమే. మామూలు స్వెట్టరు, రెయిన్ కోటు కొనేవారికి ఇది ఊరట. కానీ 2500 దాటితే 18 శాతం! నీళ్లు దిగని మంచి కోటు, అసలు ఉన్నితో చేసిన స్వెట్టరు చాలాసార్లు ఆ గీత దాటే ఉంటాయి. అదే చీర అయితే ఎంత ఖరీదైనా వస్త్రం కింద లెక్కే కాబట్టి 5 శాతం. లక్ష రూపాయల పెళ్లిచీరకు 5 శాతం, మూడు వేల రూపాయల చలికోటుకు 18 శాతం. చేనేత మీద పన్ను పెంచమని ఎవరూ అనరు. కానీ తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లే నర్సుకు ఆ కోటు విలాసమా, అవసరమా? ఈ ప్రశ్న అడగాల్సిందే కదా.

ఆఫీసు కట్టుబాటు, ఒంటి వణుకు

బజారు సంగతి అలా ఉంటే, కొలువుల దగ్గర మరో తంటా. 'చీరే కట్టుకు రావాలి' అన్న రాతకోతల్లేని నియమం మన ప్రైవేటు బడుల్లో, కాలేజీల్లో, కొన్ని దుకాణాల్లో, ఆస్పత్రి రిసెప్షన్లలో ఇంకా ఉంది. చీరతో చిక్కు లేదు. 'చీర మీద మరేదీ వేయొద్దు' అన్నప్పుడే చిక్కు. ఒకే రంగు యూనిఫాం చీర ఇచ్చే యాజమాన్యం, దానికి తగిన స్వెట్టరు గురించి ఆలోచించదు. మగ సిబ్బందికి మాత్రం కోటు 'హుందా'. ఆడవాళ్లు స్వెట్టరు వేస్తే 'ఇంట్లో ఉన్నట్టుంది'! ఏసీ గదుల్లో పనిచేసేవాళ్లకైతే ఏడాది పొడుగునా చలికాలమే. ఏసీని ఎన్ని డిగ్రీల్లో పెట్టాలో తేల్చేటప్పుడు చీర, పొట్టి చేతుల జాకెట్టు ఎవరికి గుర్తొస్తాయి?

2021 నవంబరులో కేరళ ఉన్నత విద్యాశాఖ, అధ్యాపకురాళ్లు చీరే కట్టుకోవాలని బలవంతం చేయడం తగదని ఉత్తర్వు ఇచ్చింది. వేసుకునే దుస్తులు ఎవరికి వారు ఎంచుకునేవని తేల్చింది. ఆ ఉత్తర్వు చీరకు వ్యతిరేకం కాదు. ఎంచుకునే హక్కు ఎవరిదన్న మాటకు జవాబు. మన దగ్గర కూడా ఈ చర్చ రావాలి. చీర ఇష్టమై కట్టుకునే ఆవిడే దానికి తగిన వెచ్చదనాన్ని కూడా తనే ఎంచుకోగలగాలి.

ఇంకో మార్పు చూడండి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వాటిలో వృత్తిపర భద్రత, ఆరోగ్యానికి సంబంధించిన స్మృతి ప్రకారం, మహిళలు తమ సమ్మతితో ఉదయం 6 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత కూడా పనిచేయవచ్చు. భద్రత ఏర్పాట్లు చూడాల్సింది యజమాని. అవకాశాలు పెరగడం మంచిదే. కానీ ఆ వేళలంటే చలి వేళలు. భద్రత అనగానే కెమెరాలు, క్యాబ్‌లు గుర్తొస్తాయి. వెచ్చటి యూనిఫాం, తడి బట్టలు మార్చుకోవడానికో గది, ఆరేసుకోవడానికో తీగ... ఇవి జాబితాలో ఎక్కడున్నాయి?

ఇక మనందరి వీధీ ఊడ్చే పారిశుధ్య కార్మికురాలిని తలుచుకోండి. మనం దుప్పట్లో ఉండగానే ఆమె చీపురు చప్పుడు వినిపిస్తుంది. చీర మీద మెరిసే పట్టీల జాకెట్ లాంటిది ఒకటి వేసుకుంటుంది. అది వాహనాలకు కనిపించడానికే తప్ప చలిని ఆపడానికి కాదు. తలకు పాత తువ్వాలు. ఆ తువ్వాలును చుట్టుకోవడంలోనూ ఓ పొందిక ఉంటుంది గమనించారా? జడలో చిన్న పూలచెండు కూడా కనిపిస్తుంది. సొగసు డబ్బున్నవాళ్ల సొత్తు అని ఎవరన్నారు?

బండెక్కితే మరో పరీక్ష

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సెక్కేవాళ్లు బస్సెక్కుతున్నారు. అయినా పల్లెకు, పట్నానికి మధ్య స్కూటీ మీద తిరిగే టీచర్లు, ఏఎన్ఎంలు, బ్యాంకు ఉద్యోగినులు బోలెడుమంది.

వారికి దొరికే రెయిన్ కోటును ఒకసారి పరీక్షగా చూడండి. ఒక షర్టు, ఒక ప్యాంటు. చీర మీద ఆ ప్యాంటు ఎలా వేసుకోవాలి? కుచ్చిళ్లన్నీ మోకాళ్ల పైకి దోపుకోవాలి. నడిరోడ్డు మీద అది కుదిరే పనేనా? అందుకే చాలామంది షర్టు ఒక్కటే తొడిగి, నడుము కింద తడిసిపోతారు. మోకాళ్ల కిందిదాకా వచ్చే పొడవాటి కోటు కొంత నయం. అయితే ముందు భాగం బొత్తాలతో తెరుచుకునేదయితే గాలికి రెపరెపలాడుతుంది. జిప్పు మీద అదనపు మడత ఉన్నది, కిందివైపు రెండు పక్కలా చీలికలున్నది చూసి తీసుకోవాలి.

తలకి తొడిగే ప్లాస్టిక్ ముసుగు హెల్మెట్ మీద పెట్టుకోవద్దు. పక్కనుంచి వచ్చే బండి కనిపించదు. చున్నీ, మఫ్లరు, కొంగు... ఈ మూడింటి చివరలూ కోటు లోపలికి దోపాకే బండి కదలాలి. చక్రంలో చున్నీ చిక్కుకుని ప్రాణాలు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. వెనుక కూర్చునేవారి బట్టలు చక్రంలో పడకుండా వెనుక చక్రం సగం తక్కువ కాకుండా కప్పే అడ్డు మోటారు సైకిలుకు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. మనం 'శారీ గార్డు' అనేది దాన్నే. కొన్న కొత్తలో అందంగా లేదని మగపిల్లలు విప్పి పారేసేది కూడా దాన్నే! బండి అందం కోసం వెనుక కూర్చునే అమ్మ ప్రాణం పణంగా పెట్టడమన్నమాట. మీ ఇంట్లో బండికి అది ఉందో లేదో ఈ పూటే చూడండి.

మనకో గొంగడి ఉండేది

'చలికి తగ్గ బట్ట మన సంప్రదాయంలో లేదు, మనది ఉక్కపోత దేశం' అనుకుంటాం. పొరపాటు. తెలంగాణలో గొంగడి, సీమలో కంబళి. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో కురుమలు నేసేది. ఉన్నిని వడికేది ఎక్కువగా ఆడవాళ్లే. నేత సమయంలో చింతగింజల గంజి పట్టిస్తారు. దాంతో బట్ట బిర్రుగా ఉండి వాన చినుకు తొందరగా లోపలికి దిగదు. గొర్రెల కాపరి దాన్ని ఒక మూల మడిచి తల మీద గొప్పెలా వేసుకుంటే అదే గొడుగు, అదే కోటు. పడుకుంటే పరుపు, కప్పుకుంటే దుప్పటి.

చలీ వానా కలిసొస్తే ఏం వేసుకోవాలన్న ప్రశ్నకు ఈ నేల ఎప్పుడో చెప్పిన జవాబది. అయితే ఇప్పుడు గొర్రెల్ని మాంసం కోసమే పెంచుతున్నారు. నెల్లూరు జాతి లాంటి ఉన్నిలేని గొర్రెలు తొందరగా ఎదుగుతాయని వాటివైపు మళ్లారు. దక్కనీ గొర్రె తగ్గింది, ఉన్ని తగ్గింది, వడికే చేతులకు పని తగ్గింది. గొంగడి గరుకుగా గుచ్చుతుంది, నిజమే. ఒంటికి నేరుగా తగలకుండా లోపల నూలు అస్తరు వేసి, చేతుల్లేని పొడవాటి కోటులా కుట్టించుకుంటే? నల్లటి ఆ రంగు మీద గద్వాల చీర జరీ అంచు ఎంత బాగా పలుకుతుందో ఊహించండి. మన చేనేత గురించి మాట్లాడేటప్పుడు పట్టూ, నూలే కాదు, ఉన్ని కూడా ఉందని గుర్తుంచుకోవాలి.

చీర మానక్కర్లేదు

ఈ లెక్కలు తేలేదాకా చలి ఆగదు కదా. ఉన్నవాటితోనే నచ్చినట్టు ఎలా తయారవ్వచ్చో చూద్దాం.

వెచ్చదనం లోపలి నుంచి మొదలవ్వాలి. పైన ఒకే మందపాటి స్వెట్టరు కంటే లోపల రెండు పల్చటి పొరలు మేలు. లంగా కింద వెచ్చటి లెగ్గింగ్స్ వేసుకుంటే నడకకు అడ్డం రాదు, బయటికి కనిపించదు. తడి రోజుల్లో నూలు లంగా బదులు తొందరగా ఆరే బట్టతో కుట్టించుకోండి. చీరను మామూలు కంటే రెండు అంగుళాలు ఎత్తి కట్టండి. సగం తడి అక్కడే తప్పుతుంది.

మన అమ్మమ్మల మోచేతి జాకెట్లు, పొడవు చేతుల రవికలు పాత ఫొటోల్లో చూసే ఉంటారు. చలికాలానికి అలాంటివి రెండు కుట్టించుకోండి. ముదురు ఎరుపు, నలుపు, నెమలి కంఠం రంగుల్లో ఉంటే పది చీరలకు కలుస్తాయి. లేదా మెడ దాకా వచ్చే పల్చటి అల్లిక బనీనును జాకెట్టు బదులే వేసుకోవచ్చు. దాని మీద ఓ ముత్యాల దండ వేస్తే చాలు, చలికి కాదు సరదాకే వేశారనుకుంటారు!

స్వెట్టరు పైట మీద కాదు, పైట కింద. ఇదొక్కటి మారిస్తే చాలా తేడా కనిపిస్తుంది. బొత్తాలున్న, నడుము దాకా వచ్చే స్వెట్టరు ముందు వేసుకుని, దాని మీదుగా పైట తీసి భుజానికి పిన్ను పెట్టండి. కొంగు పనితనం కనిపిస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. శాలువా అయితే ఒక భుజం మీద మడతలు పెట్టి పిన్నుతో నిలపండి. చేతులు ఖాళీగా ఉంటాయి. శాలువా కప్పుకుంటే పెద్దతనం వచ్చినట్టుందని జంకేవాళ్లు, సాదా చీర మీద రంగుల శాలువా, పూల చీర మీద సాదా శాలువా ప్రయత్నించండి.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. 'ఉలెన్' అని నోటిమాటగా అమ్మేవాటిలో చాలా వరకు అక్రిలిక్. అది వెచ్చగానే ఉంటుంది, ఉతకడం సులువు, చవక. తప్పేమీ లేదు. కానీ ఉన్ని ధర ఇచ్చి అక్రిలిక్ తెచ్చుకోకూడదు కదా. ఒక జాగ్రత్త మాత్రం మరువద్దు. పాలియెస్టరు, అక్రిలిక్ మంటకు కరిగి ఒంటికి అంటుకుంటాయి. చలిమంట దగ్గర, భోగిమంట దగ్గర, గ్యాస్ పొయ్యి ముందు కొంగు, శాలువా చివరలు జాగ్రత్త. అక్కడ నూలు, ఉన్నే క్షేమం. నూలు కూడా అంటుకుంటుంది గానీ, కరిగి చర్మాన్ని పట్టుకోదు.

పాదాల సంగతి చివరికి వదిలేస్తాం. తడి చెప్పుల్లో గంటల తరబడి ఉంటే వేళ్ల మధ్య ఒరుసుకుపోతుంది, ఫంగస్ పడుతుంది. బొటనవేలు విడిగా ఉండే సాక్సులు దొరుకుతున్నాయి, చెప్పులతోనూ వేసుకోవచ్చు. ముసురు రోజుల్లో బ్యాగులో ఓ జత సాక్సులు, చిన్న తువ్వాలు, పాలిథిన్ సంచి పెట్టుకోండి. ఆఫీసులో ఓ జత పొడి చెప్పులు ఉంచుకుంటే ఇంకా మంచిది. కలంకారీ లాంటి రంగు దిగే చీరలకు, గంజి చీరలకు వానరోజు సెలవివ్వండి. జార్జెట్, క్రేప్ చీరలకు అదే పనిరోజు.

అక్కడివాళ్లు నేర్పుతున్న పాఠం

మన కూతుళ్లు, కోడళ్లు లండన్‌లో, న్యూజెర్సీలో, టొరంటోలో ఉన్నారు. సంక్రాంతి వచ్చేది అక్కడ నడిశీతాకాలంలో. మంచు కురుస్తుంటే పట్టుచీర కట్టుకుని, కింద థర్మల్స్, కాళ్లకు బూట్లు, పైన పొడవాటి కోటు వేసుకుని వేడుకకు వెళ్తారు. హాల్లోకి వెళ్లాక కోటు తగిలించి, బూట్లు మార్చుకుని ముగ్గుల పోటీలో కూర్చుంటారు. 'చీర కింద బూట్లేంటే!' అని వీడియో కాల్‌లో మనం నవ్వుతాం. కానీ వాళ్లు చీర మానలేదు, చలిని తక్కువ అంచనా వేయనూ లేదు. అక్కడ కోటు తగిలించుకోవడానికి ప్రతి చోటా కొక్కెం ఉంటుంది. మన బడుల్లో, ఆఫీసుల్లో ఆ కొక్కెం ఒక్కటీ లేదు!

చూశారా, మాట చివరికి ఓ కొక్కెం దగ్గరికి వచ్చింది. తడి కోటు తగిలించుకునే చోటు, పొడి చెప్పులు పెట్టుకునే అర, యూనిఫాంతో పాటు ఓ స్వెట్టరు, చీరను దృష్టిలో పెట్టుకుని కుట్టిన రెయిన్ కోటు. ఏ ఒక్కటీ కోట్ల రూపాయల పథకం కాదు. స్టాఫ్ మీటింగులో ఓ మాట, యూనియన్ వినతిపత్రంలో ఓ వాక్యం, దర్జీకి ఓ సూచన చాలు. ఇవన్నీ ఇన్నాళ్లూ లేకపోవడానికి కారణం, మనం అడగకపోవడమే. చలి వేస్తోందని చెబితే బలహీనత అనుకుంటారని, బాగా కనిపించాలని ఉందంటే షోకు అనుకుంటారని ఊరుకున్నాం.

బాగా కనిపించాలనుకోవడం షోకు కాదు. నలుగురి ముందు నిలబడి పాఠం చెప్పేవాళ్లకు, కౌంటర్ వెనుక కూర్చునేవాళ్లకు, మందులు పంచేవాళ్లకు అది ధీమా. వెచ్చగా ఉండటం అవసరం. ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోమని మగవాళ్లను ఎవరూ అడగరు. మనల్ని మాత్రం ఎందుకడగాలి?

రేపు పొద్దున ముసురులో బయల్దేరేటప్పుడు ఆ జర్కిన్ దాని యజమానికే వదిలేయండి. మీ చీరకు నప్పే స్వెట్టరు పైట కింద వేసుకుని వెళ్లండి. బడి గేటు దగ్గర మాత్రం విప్పకండి. ఎవరైనా అడిగితే నవ్వుతూ చెప్పండి, 'చలేస్తోందండీ' అని. అంతకంటే మంచి కారణం ఏముంటుంది?